గ్రీన్ మైల్ చదివి ఎవరి కోసం ఏడ్చాం?

స్టీఫెన్ కింగ్ పేరెత్తితే మన ఐటీ జనాలు రెండు వర్గాలు. "దయ్యాల కథలు రాసేవాడు కదా" అని పెదవి విరిచేవాళ్ళు ఒకవైపు, "షాషాంక్ రిడెంప్షన్ కథ కూడా ఆయనదే, తెలుసా?" అని ఎదురు తిరిగేవాళ్ళు ఇంకోవైపు. గ్రీన్ మైల్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ గొడవ ఆగిపోతుంది. నవల చదివినవాళ్ళూ, టామ్ హాంక్స్ సినిమా మాత్రమే చూసినవాళ్ళూ చెప్పేది ఒకటే, ఏడ్చేశాం అని. నాది చాలా చిన్న ప్రశ్న. ఎవరి కోసం ఏడ్చాం?

దీనికి సమాధానం వెతుక్కుంటూ పోతే అమెరికాలో మొదలై చిలకలూరిపేట దాకా రావాల్సొచ్చింది. కాస్త ఓపిక పట్టండి. కథ మొత్తం చెప్పేస్తున్నాను కాబట్టి, ఇంకా చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది.

ముందు కొంచెం చరిత్ర. గ్రీన్ మైల్ ఒకేసారి అచ్చయిన నవల కాదు. 1996 మార్చి నుంచి ఆగస్టు వరకు నెలకొకటి చొప్పున ఆరు చిన్న పుస్తకాలుగా వచ్చింది. వారపత్రికలో సీరియల్ కోసం గురువారమో శుక్రవారమో లెక్కపెట్టుకుంటూ పెరిగిన మన ముందు తరానికి ఇదేం కొత్త కాదు గానీ, అమెరికా వాళ్ళకి డికెన్స్ కాలం తర్వాత మర్చిపోయిన అలవాటు. చివరి పేజీ ముందే తిప్పి చూసేసే వీలుండదని కింగ్ ఈ పద్ధతి ఇష్టపడ్డాడట. ఆరు భాగాలూ ఒకేసారి న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ లిస్టులో కూర్చున్నాయి. ఆ ఏడాది హారర్ రచయితలిచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డు కూడా ఈ నవలకే వచ్చింది. 1999లో సినిమా, దానికి నాలుగు ఆస్కార్ నామినేషన్లు. అదంతా మీకు తెలిసిందే.

కథ జరిగేది 1932లో, కోల్డ్ మౌంటెన్ అనే జైల్లో, మరణశిక్ష పడ్డ ఖైదీలుండే బ్లాకులో. సెల్ నుంచి కరెంటు కుర్చీ దాకా నడిచే దారిలో నేల ఆకుపచ్చ రంగులో ఉంటుంది, అదే గ్రీన్ మైల్. (నిజానికి లూసియానాలో కరెంటు కుర్చీ వచ్చింది 1941లో, అంతకుముందు ఉరే. కథకుడి సౌలభ్యం అనుకుని వదిలేద్దాం.) అక్కడ హెడ్ గార్డు పాల్ ఎడ్జ్‌కూంబ్. ఇద్దరు తెల్లజాతి చిన్నపిల్లల్ని చంపాడని మరణశిక్ష పడి అక్కడికి వచ్చినవాడు జాన్ కాఫీ, కొండంత నల్లజాతి మనిషి. చీకటంటే భయపడతాడు. ముట్టుకుంటే ఎదుటివాళ్ళ రోగం తను లాగేసుకుంటాడు. చంపింది అతను కాదని, ఆ పిల్లల్ని బతికించడానికి ప్రయత్నిస్తూ దొరికిపోయాడని పాల్‌కి తెలుస్తుంది. తెలిసీ అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాల్సి వస్తుంది.

తెలుగులో అతీంద్రియ శక్తుల నవల అంటే మనకి తులసిదళం గుర్తొస్తుంది. చేతబడి, కాష్మోరా, రాత్రి లైటేసుకుని పడుకోవడం. అక్కడ శక్తి ఉన్నవాడంటే భయం. ఇక్కడ తలకిందులు. శక్తి ఉన్నవాడు అందరి నొప్పీ మోసి అలిసిపోయినవాడు, శక్తి లేని మామూలు ఉద్యోగులు అతణ్ణి చంపేవాళ్ళు. అందుకే పాఠకులు భయపడకుండా ఏడ్చారు.

అందరూ మురిసిపోయారని కాదు. తెల్లవాళ్ళకి సాయం చేయడం కోసమే మహిమలతో పుట్టి, వాళ్ళ కోసమే చచ్చిపోయే నల్లజాతి పాత్రలేమిటని స్పైక్ లీ 2001లో ఇలాంటి సినిమాలన్నిటినీ కలిపి దులిపేశాడు. ఆ విమర్శలో నిజం ఉంది. జాన్ కాఫీకి ఊరు లేదు, ఇల్లు లేదు, కోపం లేదు. జీసస్ క్రైస్ట్ పేరులోని మొదటి అక్షరాలే ఇతనికీ పెట్టానని కింగే తర్వాత రాసుకున్నాడు. అంటే అతను మనిషి కన్నా గుర్తు ఎక్కువ.

గుర్తుగా కాకుండా మనిషిగా అలాంటివాడు చరిత్రలో ఉన్నాడు. జార్జ్ స్టినీ, దక్షిణ కరోలినా. 1944 మార్చిలో ఇద్దరు తెల్లజాతి ఆడపిల్లలు హత్యకు గురైతే ఈ నల్లజాతి పిల్లాణ్ణి పట్టుకెళ్ళారు. వయసు 14. విచారణ ఒక్క రోజులో అయిపోయింది. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ పది నిమిషాల్లో తేల్చేసింది. జూన్ 16న కరెంటు కుర్చీలో చంపేశారు. 2014 డిసెంబరులో ఒక జడ్జి ఆ తీర్పు చెల్లదని కొట్టేసింది. డెబ్బై ఏళ్ళ తర్వాత. కింగ్ ఈ కేసు చూసే రాశాడని నేననడం లేదు. మహిమలు లేని జాన్ కాఫీలు ఉండేవాళ్ళు అని మాత్రమే చెప్తున్నాను. ప్రొడక్షన్‌లో ఏదైనా తగలబడితే రోల్‌బ్యాక్ చేసుకునే వృత్తి మనది. అక్కడ రోల్‌బ్యాక్ అంటే ఒక కాగితం.

మా ఊరు గుమ్మఘట్ట. రాయదుర్గం పక్కన, వేదవతి మీద భైరవానితిప్ప డ్యాం ఉండే మండలం. డ్యాం నిండిన ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగల జనం మావాళ్ళు. ఒక ఉగాది సెలవుల్లో, కరెంటు పోయిన రాత్రి, అరుగు మీద కూర్చుని ఈ కథ మా అవ్వకీ చిన్నాయనకీ చుట్టుపక్కలవాళ్ళకీ చెప్పాను. ఇంగ్లీషు పేర్లు తీసేసి, జైలుని జైలుగా, ఎలుకని ఎలుకగా ఉంచి.

చిన్నాయనకి కోపమొచ్చింది. "సంపింది ఇంగొగడని తెలిసినంక గూడా ఆ జైలాయప్ప ఇడిసిపెట్టల్యాదంటే వాడేం మనిషప్పా?" అన్నాడు. కోర్టు ఒప్పుకోదు చిన్నాయనా, మహిమని సాక్ష్యంగా ఎవరు రాసుకుంటారు అంటే, "అయితే మహిమ ఎందుకు సావడానికి?" అన్నాడు. నేను చదివిన రివ్యూల్లో ఇంత సూటి మాట నాకు కనబడలేదు.

అవ్వ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఇది మాండవ్యుని కతే కదప్పా" అంది.

నిజమే. భారతంలో ఆదిపర్వంలో ఉంది. దొంగలు దోచిన సొమ్ము మాండవ్యుడి ఆశ్రమంలో దాచిపెడతారు. ఆయన మౌనవ్రతంలో ఉండి రాజభటులు అడిగినా నోరు విప్పడు. దొంగలతో పాటు ఆయన్నీ శూలానికి ఎక్కిస్తారు. చావడు. రాజుకి తప్పు తెలిసి కాళ్ళమీద పడతాడు గానీ శూలం బయటికి రాదు, కోసేయాల్సి వస్తుంది. లోపల మిగిలిన ముక్కతోనే తిరిగి అణిమాండవ్యుడయ్యాడు. తర్వాత యముడి దగ్గరకెళ్ళి నాకీ శిక్ష ఎందుకని నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగుల్ని గుచ్చి ఆడుకున్నావు కదా అంటాడు యముడు. అంత చిన్న తప్పుకి ఇంత శిక్షా అని మాండవ్యుడు మండిపడి, పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాపం కింద లెక్కకు రాదని కట్టడి పెట్టి, నువ్వు మనిషై పుట్టమని యముణ్ణే శపిస్తాడు. ఆ యముడే విదురుడు.

చూడండి, మన పురాణంలో తప్పుడు శిక్ష పడ్డవాడు శిక్ష వేసే దేవుణ్ణే బోనులో నిలబెట్టాడు. వయసు లెక్క పద్నాలుగు దగ్గర గీశాడు. జార్జ్ స్టినీ వయసు ఆ గీత మీదే ఉంది.

ఇంతవరకు చెప్పినవన్నీ తప్పు చేయనివాళ్ళ కథలు. తెలుగులో ఉరిశిక్ష మీద బాగా జనంలోకి వెళ్ళిన యండమూరి అభిలాష కూడా ఇదే దారి. 1983లో చిరంజీవి సినిమాగా వచ్చింది. ఉరిశిక్ష రద్దు చేయించాలని ఒక కుర్ర లాయరు, చేయని హత్యలో కావాలని ఇరుక్కుంటాడు, పథకం తిరగబడి నిజంగానే ఉరికంబం దాకా పోతాడు. సెక్షన్ 302 అనే నంబరు నాలాంటి వాళ్ళ నోట్లో నానింది ఆ సినిమా వల్లే. (ఆ నంబరు ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుంచి హత్యకి శిక్ష భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 103 కింద ఉంది. ఉరి మాత్రం అలాగే ఉంది.) అభిలాష వాదం ఏమిటంటే, పొరపాటున అమాయకుణ్ణి ఉరి తీస్తే? మంచి వాదమే. అమాయకుడి కోసం ఏడవడం ఎవరికీ కష్టం కాదు.

ఇప్పుడు గ్రీన్ మైల్లో ఇంకో ఖైదీ దగ్గరకొద్దాం. ఎడ్వర్డ్ డెలక్రా. అందరూ డెల్ అంటారు. బక్కపల్చటి మనిషి, మిస్టర్ జింగిల్స్ అనే చిట్టెలుకని మచ్చిక చేసుకుని దారపు రీలు దొర్లించే ఆట నేర్పుతాడు. పెర్సీ అనే గార్డు ఆ ఎలుకని తొక్కేస్తే జాన్ కాఫీ బతికిస్తాడు. డెల్‌ని కుర్చీలో కూర్చోబెట్టిన రోజు, తల మీద పెట్టే స్పాంజిని ఉప్పునీళ్ళలో ముంచకుండా పెర్సీ కావాలని పొడిగా పెడతాడు. డెల్ బతికుండగానే కాలిపోతాడు. నాలుగో భాగం అంతా ఇదే. నవల మొత్తంలో పుస్తకం మూసేసి కిటికీలోంచి బయటికి చూడాలనిపించే చోటు అదే.

డెల్ ఏం చేసి జైలుకొచ్చాడు? ఈ ప్రశ్న సినిమా మాత్రమే చూసిన నా కొలీగ్స్‌ని చాలామందిని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. తప్పు వాళ్ళది కాదు, సినిమాలో ఆ వివరం లేదు. నవల్లో ఉంది. ఒక చిన్న వయసు ఆడపిల్లని రేప్ చేసి చంపి, సాక్ష్యం దొరక్కూడదని ఆమె ఉన్న బిల్డింగు వెనకాల శవానికి నిప్పుపెట్టాడు. మంట బిల్డింగుకి అంటుకుని ఇంకో ఆరుగురు చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు పిల్లలు.

కింగ్ ఈ ముక్క దాచిపెట్టలేదు, ముందే చెప్పేశాడు. తర్వాత ఎలుకని తెచ్చాడు. ఆ తర్వాత మనుషుల్ని కాల్చినవాణ్ణి కాల్చి చూపించాడు. కంటికి కన్ను అనే లెక్క ప్రకారం ఇంతకన్నా సరిగ్గా సరిపోయే శిక్ష ఇంకోటి ఉండదు. అయినా ఆ పేజీలు చదివి "బాగా అయింది" అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. నవల అసలు పరీక్ష పెట్టింది డెల్ దగ్గర అని నాకనిపిస్తుంది. జాన్ కాఫీ ప్రశ్నకి సమాధానం పుస్తకం వెనకాలే అచ్చేసి ఉంది.

అమెరికాలో గ్రీన్ మైల్ ఆఖరి భాగం అమ్మకానికొచ్చింది 1996 ఆగస్టులో. అదే నెలలో ఢిల్లీలో మన సుప్రీంకోర్టు ఇద్దరు తెలుగు కుర్రాళ్ళ ఉరిశిక్షని ఖాయం చేసింది. చలపతిరావు, విజయవర్ధనరావు. చిలకలూరిపేట బస్సు దహనం కేసు అంటే మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1993 మార్చి 8 తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళ్తున్న ఆర్టీసీ బస్సు. ప్రయాణికుల్ని బెదిరించి డబ్బు దోచుకుందామని పెట్రోలు చల్లారు, నిప్పు పడింది. 23 మంది బస్సులోనే కాలిపోయారు.

ఇక్కడ మహిమ లేదు. తప్పుడు సాక్ష్యం గొడవ లేదు. తర్వాత దొరికిన అసలు హంతకుడు లేడు. ఆ పని వీళ్ళే చేశారు. గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఉరి వేసింది, పై కోర్టులు సరే అన్నాయి, రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. రాజమండ్రి సెంట్రల్ జైల్లో 1997 మార్చి 29న ఉరి అని తేదీ కూడా పడింది.

అప్పుడు జరిగిందే ఈ టపా రాయడానికి కారణం. పౌరహక్కుల సంఘం వాళ్ళు, బాలగోపాల్ లాంటివాళ్ళు, లాయర్లు, రచయితలు ఆ ఇద్దరి కోసం తిరిగారు. బెంగాల్ నుంచి మహాశ్వేతాదేవి కూడా క్షమాభిక్ష అడిగినవాళ్ళలో ఉన్నారు. వీళ్ళెవరూ ఆ ఇద్దరూ అమాయకులని అనలేదు. అనడానికి వీల్లేదు కూడా. ఇద్దరూ దళిత కుటుంబాల్లో పుట్టిన పేద యువకులనీ, దోచుకోవాలని బయల్దేరారు తప్ప అంతమందిని చంపాలని కాదనీ, తిరిగి మనుషులయ్యే అవకాశం వాళ్ళకుందనీ అన్నారు. 23 కుటుంబాలు ఏడుస్తున్న రాష్ట్రంలో నిలబడి ఈ మాట అనడం తేలికేం కాదు. హంతకుల తరఫున మాట్లాడతారా అన్న నింద తప్పదు. ఆ నింద అనేవాళ్ళని తప్పు పట్టడానికీ నాకు నోరు రాదు.

ఉరి చివరి ఘడియల్లో సుప్రీంకోర్టు స్టేతో ఆగింది. కొత్త రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దగ్గరకి మళ్ళీ ఫైలు వెళ్ళింది. 1998లో ఆయన ఉరిని యావజ్జీవంగా మార్చారు.

ఇది ఉన్నట్టుండి ఊడిపడిన దయ కాదు. దీని వెనకాల మన రాష్ట్రంలోనే ఒక దారి ఉంది. 1974లో ఈడిగ అనమ్మ కేసు. ఒక తల్లినీ పసిబిడ్డనీ చంపిందని 24 ఏళ్ళ అనమ్మకి ఉరి పడింది. చంపింది ఆమేనని జస్టిస్ కృష్ణయ్యర్ బెంచి కూడా ఒప్పుకుంది. అయినా ఆమె వయసు, ఆమె బతికిన బతుకు, రెండేళ్ళకు పైగా ఉరి నీడలో గడపడం ఇవన్నీ చూసి యావజ్జీవంగా మార్చింది. ఆరేళ్ళ తర్వాత, 1980లో బచ్చన్ సింగ్ తీర్పులో వచ్చిన "అరుదైన వాటిలోకెల్లా అరుదైన" అన్న మాట మనమంతా విన్నాం. నేరంతో పాటు నేరం చేసిన మనిషిని కూడా చూడాలన్నది ఆ తీర్పు సారాంశం. అనమ్మ కేసు దానికి ముందడుగు.

దారి ఎప్పుడూ నేరుగా లేదు. అనమ్మ బతికిన మరుసటి ఏడాదే భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు నక్సలైటు రైతుల్ని ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. వాళ్ళ పిటిషన్ విన్నదీ కృష్ణయ్యరే. కోర్టు చేయగలిగింది లేదు, ప్రభుత్వం మళ్ళీ ఆలోచించాలి అని రాశారు. ప్రభుత్వం ఆలోచించలేదు. ఆ జైలు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో గాంధీ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు ఎన్నిసార్లు దాని ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారో.

గుమ్మఘట్ట అరుగు దగ్గరకి మళ్ళీ ఒక్కసారి. ఆ రాత్రి డెల్ చేసిన పని కూడా దాచకుండా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పక్కింటాయన, పార్టీ గొడవల్లో సొంత అన్నని పోగొట్టుకున్న మనిషి, "ఆ కాలిపోయినోళ్ళ అమ్మానాయనల్ని అడిగితే తెలుస్తాది వాణ్ణి ఏం జేయాలో" అన్నాడు. అవ్వ ఆయన మాట కాదనలేదు. "వాళ్ళని అడగాల్సిందేలే నాయనా. ఆ పొద్దు ఆ కుర్చీ కాడ మనం నిలబడి సూడగలమా అని మనల్ని గూడా అడుక్కోవల్ల" అంది.

ఆ పక్కింటాయన మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కానీ మా జిల్లాలోనే, అనంతపురం పక్కన రెడ్డిపల్లిలో, 1960లలో పెట్టిన ఓపెన్ జైలు ఉంది. సత్ప్రవర్తన ఉన్న ఖైదీలు, వాళ్ళలో హత్య కేసుల్లో యావజ్జీవం పడ్డవాళ్ళు కూడా, పొలం పనులు చేస్తూ శిక్ష గడిపే చోటు. మనిషిని చంపిన చేతులు అక్కడ కూరగాయలు పండించాయి. బస్సులో వెళ్తూ ఆ తోటలు చూసినవాళ్ళకి భయమేం వేయదు.

గ్రీన్ మైల్లో పాల్ ఎడ్జ్‌కూంబ్ చెడ్డవాడు కాదు. అతని టీమ్ అంతా మంచివాళ్ళే, ఒక్క పెర్సీ తప్ప. ప్రొసీజర్ ప్రకారం రిహార్సల్ చేస్తారు, పట్టీలు సరిచూస్తారు, ఖైదీతో మర్యాదగా మాట్లాడతారు. చెక్‌లిస్టులో అన్ని టిక్కులూ ఉంటాయి. మనం రోజూ చేసే పని లాంటిదే. జాన్ కాఫీ చేతి స్పర్శ వల్ల పాల్ 104 ఏళ్ళు వచ్చినా చావడు, ఆ ఆయుష్షునే శిక్ష అనుకుంటాడు. కింగ్ ఆ పాత్రని కథ చెప్పేవాడిగా పెట్టింది మనం అతని పక్కన నిలబడి చూడాలనే అనుకుంటాను.

రాజమండ్రిలో ఆ తెల్లవారుజామున ఎవరో ఒక జైలు ఉద్యోగి అలాగే తాడు, పలక సరిచూసుకుని నిలబడాల్సింది. 1997 మార్చి 29న అతనికా డ్యూటీ పడలేదు.

ఈసారి గ్రీన్ మైల్ తీసినప్పుడు నాలుగో భాగం నుంచి మొదలుపెట్టండి. డెల్ చేసిన నేరం మొత్తం గుర్తు పెట్టుకుని చదవండి. అప్పుడు కూడా ఏడుపొస్తే, మహాశ్వేతాదేవి ఆ రోజు సంతకం ఎందుకు పెట్టారో ఇంకొకరు వివరించాల్సిన పనుండదు.